ఉప్పుగాలి వూరిలో చప్పిడి వంట

విశాఖపట్నంలో ఇల్లు కట్టుకొన్నవాడు ఇద్దరు శత్రువులతో కాపురం చేయాలి. ఒకటి వేసవి ఉక్క. రెండోది ఉప్పుగాలి. ఉక్క నాలుగు నెలలుండి పోతుంది. ఉప్పుగాలి మాత్రం పన్నెండు నెలలూ మన యింటి చుట్టమే. కిటికీ చువ్వలకు సంక్రాంతికి రంగు వేయిస్తే మళ్లీ సంక్రాంతి రాకుండానే అవి తుప్పు పొరలు రాలుస్తాయి. గేటు కిర్రుమంటుంది, తాళం బిగుసుకొంటుంది. బీచి రోడ్డున పది నిమిషాలు షికారు చేసి వచ్చి పెదవులు తడుపుకొంటే చాలు, ఎక్కడికి వెళ్లివచ్చామో నాలుకే చెబుతుంది.

ఇంత ఉప్పు నడుమ నివసిస్తూ, ఉప్పు లేకుండా వంట చేయడమెలాగో నేర్చుకోవడానికి ఈ వూరంతా తిరిగిన ఘనుణ్ణి నేను. వృత్తిరీత్యా తెలుగు లెక్చరర్ని. షడ్రుచులు ఆరని పిల్లలకు పాఠం చెప్పి, పేర్లు వరసగా చెప్పలేనివాళ్లను నిలబెట్టిన వాణ్ణి. తీరా ఆ ఆరింటిలో ఒకదాన్ని తీసివేయవలసివచ్చేసరికి, తక్కిన అయిదింటి సంగతీ నాకు బొత్తిగా తెలియదని తెలిసింది.

కథ మొదలయింది మా నాన్నగారితో.

ఈ వూరి రేవు పుట్టింది బురదలోంచి. డాల్ఫిన్ నోస్ కొండ చాటున, మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసేచోట వున్న చిత్తడి నేలను త్రవ్వి లోపలి రేవు కట్టారు. 1933లో అది తెరుచుకొంది. తరువాత 1976లో పెద్ద ఓడలకోసం వెలుపలి రేవు వచ్చింది. మా నాన్నగారు పనిచేసింది ఇనుప ఖనిజం ఓడల కెక్కించేచోట. బైలదిల్లా కొండల్లో త్రవ్విన ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంమీద ఘాట్లు దిగివచ్చి, ఇక్కడి నుంచి జపానుకు ప్రయాణం కట్టేది. నాన్నగారు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనురెప్పల మీద కూడా ఎర్రధూళి వుండేది. చొక్కా వీపున చెమట ఆరి తెల్లని గీతలు కట్టేవి. చిన్నప్పుడు నేనా గీతలను వ్రేలితో తాకి, నాలుకకు రాసుకొని, "నాన్నగారి చొక్కా ఉప్పగా వుందే!" అని అమ్మకు చెప్పేవాణ్ణట.

ఆయన రిటైరై చాలా కాలమైంది. అమ్మ పోయి ఆరేళ్లు. ఈ ఏడాది సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు అర్ధరాత్రి ఆయనకు ఊపిరి అందలేదు. పాదాలు చూస్తే బూరెల్లా వాచి వున్నాయి. ఆసుపత్రిలో వారం రోజులున్నాం. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నన్ను ప్రక్కకు పిలిచి, "గుండె అలసిపోయిందండీ. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. ఆ నీటిని మోయడం ఈ గుండెకు కష్టం. మందుల సంగతి నేను చూసుకుంటాను. ఉప్పు సంగతి మీరు చూసుకోవాలి" అన్నారు.

మా ఆవిడ బ్యాంకు ఉద్యోగి. విజయనగరం బ్రాంచిలో పని. తెల్లవారగానే రైలెక్కితే రాత్రికి గాని రాదు. మా అమ్మాయి ఇంటరు చదువుతోంది. కాబట్టి ఉప్పు సంగతి చూసుకోవలసిన 'మీరు' నేనే.

ముందుగా ఒక లెక్క వేశాం. ఈ లెక్క మీరూ వేసుకోవచ్చు, కాగితమూ పెన్సిలూ వుంటే చాలు. మా యింట్లో నలుగురికి నెలకు కిలోన్నర ఉప్పు అవుతోంది. అంటే తలకు రోజుకు పన్నెండు గ్రాముల పైమాట. ఆవకాయ, అప్పడాలు, బజారు కారప్పూస ఇందులో చేరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే వుండాలంటున్నారు. అంటే చిన్న చెమ్చాతో తలకొట్టి ఒక్క చెమ్చా! అందులోనే పప్పు, కూర, చారు, పచ్చడి, మజ్జిగ అన్నీ ఇమడాలి. మా నాన్నగారికి రాసింది అంతకంటె తక్కువే.

మొదటి మూడు రోజులూ నేను చేసిన వంట ఏమిటంటే, ఉప్పు తగ్గించి తక్కినదంతా మామూలుగా వండడం. ఇది కొత్తవాళ్లంతా చేసే పొరపాటు. సన్నాయి మానేసి డోలు మాత్రం వాయించినట్లుంటుంది. నాన్నగారు రెండు ముద్దలు కలిపి, "ఒరే, కాగితం నములుతున్నట్టుందిరా" అని చెయ్యి కడుక్కొన్నారు. మూడో రోజు ఆ రెండు ముద్దలు కూడా లేవు. పదిహేను రోజులలో మనిషి నాలుగు కిలోలు తగ్గారు. వాపు తీసింది కొంత, తిండి మానింది కొంత. డాక్టరుగారు చీటీ చూసి, "నీరు తగ్గమన్నాను గాని మనిషిని తగ్గించమనలేదు" అన్నారు.

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అన్నదట ఉప్పు. నిజమే. కాని అన్నీ సరిగా వేశామా అన్నది నా ప్రశ్న. ఆ ఆదివారం సంచీ పట్టుకొని పూర్ణా మార్కెట్టుకు బయలుదేరాను.

పాతవూరికి ఆనుకొని వున్న ఈ మార్కెట్టులో తప్పిపోకుండా తిరగడం ఒక విద్య. మాఘమాసం దాటాక ఇక్కడ లేత పనసకాయలు దిగుతాయి. సింహాచలం కొండ చుట్టుప్రక్కల పనసకూ అనాసకూ పెట్టింది పేరు. ఒక ముసలమ్మ పీట వేసుకొని, చేతికి నూనె రాసుకొని, కత్తికి నూనె పట్టించి పనసకాయ కొడుతోంది. నూనె లేకపోతే జిగురు వదలదు. ఇంట్లో కొట్టుకొనేవాళ్లు గుర్తుంచుకోవాలి. టకటకటక మంటూ ఆ కత్తి పడుతూంటే పొట్టు కొబ్బరికోరులా రాలుతోంది.

"ఉప్పు వేయకుండా పనసపొట్టుకు రుచెలా వస్తుందమ్మా?" అని అడిగాను.

ఆమె కత్తి ఆపలేదు. "ఉప్పుదేటుంది బాబూ! ఆవ సరిగ్గా పడితే రుసి నాలిక్కాదు, ముక్కు సెప్తాది" అంది.

ఎం.ఏ.లో నాకెవరూ చెప్పని పాఠమది. రుచిలో సగం ముక్కుది. జలుబు చేసినవాడికి విందు కూడా చప్పగానే వుంటుంది గదా! ఉప్పు తగ్గించినచోట వాసననూ, ఘాటునూ నిలబెట్టాలి.

ఆవ పెట్టడం తెలుసుననుకొనేవాణ్ణి. తెలియదు. ఆవగింజ పొడిగా వున్నంతసేపు దాని ఘాటు నిద్రపోతూ వుంటుంది. నలిగి, నీరు తగిలాకనే లేస్తుంది. కనుక రెండు చెమ్చాల ఆవాలు, ఒక ఎండుమిరపకాయ చన్నీళ్లతో మెత్తగా నూరి పది నిమిషాలు అలా వుంచాలి. చింతపండు ముందే కలిపితే ఘాటు సరిగా లేవదు. లేచాక కలిపితే నిలుస్తుంది. మరుగుతున్న కూరలో వేస్తే మాత్రం చచ్చిపోయి చేదు మిగులుతుంది. నేనిన్నాళ్లూ చేస్తున్నది అదే!

పనసపొట్టును పసుపుతో ఉడికించి నీళ్లు పిండాలి. నువ్వులనూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, నాలుగు జీడిపప్పు బద్దలు, కరివేపాకు వేయించి, పొట్టు వేసి, చిక్కని చింతపండు గుజ్జు కొద్దిగా కలిపి మగ్గనివ్వాలి. పొయ్యి మీంచి దింపి, అయిదు నిమిషాలు ఆగి, గోరువెచ్చగా అయ్యాక ఆవ కలపాలి. నలుగురికి చేసిన కూరకు పావు చెమ్చా ఉప్పు, అదీ చివరను పైన చల్లాను. ఇది మరో కిటుకు. ఉడికేటప్పుడు వేసిన ఉప్పు ముక్క లోపలికి పోయి దాక్కుంటుంది. చివరను చల్లిన ఉప్పు తిన్నగా నాలుకకు తగులుతుంది. తక్కువతో ఎక్కువ పని జరుగుతుంది.

ఆ రోజు నాన్నగారు పళ్లెంలో కూర ఖాళీ చేశారు. బాగుందనలేదు. బాగులేదనీ అనలేదు. మా వంశంలో అది మెప్పు క్రిందే లెక్క.

అక్కడినుంచి నాకు పట్టుదల పుట్టింది. ఒక రుచి పోతే తక్కిన అయిదూ వెదకడమే పని. మొదట పులుపు. మన వూళ్లో పులుపంటే చింతపండు, నిమ్మకాయ అనేసుకొంటాం. ఎం.వీ.పీ. కాలనీ రైతుబజారులో ఏడాది పొడుగునా ఒకదాని వెనుక ఒకటి పులుపు వస్తూనే వుంటుంది. 1999లో మన రాష్ట్రంలో మొదలైన ఈ రైతుబజార్లలో తెల్లవారుఝామున వెళితే ఆకుమీద నీటిబొట్టుతో సహా దొరుకుతుంది. చలికాలంలో ఉసిరి. ఎండలు ముదిరేసరికి చింతచిగురు, దాని వెంటే పుల్లమామిడి. వానలు పడ్డాక వాక్కాయలు. గోంగూర సరేసరి. చింతచిగురు చవకగా వున్నప్పుడు కొని, నీడన ఆరబెట్టి, నలిపి, సీసాలో పోసి వుంచండి. పప్పు దింపేముందు ఒక గుప్పెడు వేస్తే ఉప్పు లేని లోటు సగం తీరుతుంది. వాక్కాయను రెండుగా చీల్చి గింజ తీసి కందిపప్పులో ఉడికిస్తే ఇక చింతపండుతో పనిలేదు. నిమ్మరసం మాత్రం ఎప్పుడూ పొయ్యి దింపాకనే.

పులుపు మరీ ఎక్కువైతే అనకాపల్లి బెల్లం ముక్క గోరంత వేయండి. ఆ వూరి బెల్లం మార్కెట్టు దేశంలో పెద్దవాటిలో ఒకటి. అంత బెల్లం ప్రక్కన పెట్టుకొని పులుసులో ఉప్పుతో పులుపు విరవడం మన తెలివితక్కువ. చక్కెర వ్యాధి వున్న ఇళ్లవారు మాత్రం ఈ సలహా విడిచిపెట్టాలి.

కారమంటే మిరపకాయ ఒక్కటే అనుకోవడం మరో పొరపాటు. నాన్నగారి ఖనిజం దిగివచ్చిన రైలుమార్గం మీదనే ఒక ఆదివారం మా అమ్మాయితో కలిసి కిరండూల్ పాసింజరులో అరకు వెళ్లాను. సొరంగాలు దాటుతూ రైలు కొండెక్కుతూంటే, "తాతగారి ఎర్రమట్టి ఇలాగే దిగేదా?" అని మా అమ్మాయి అడిగింది. ఇలాగేనమ్మా అన్నాను. ఆ కొండలలో వెండి ఓకు చెట్ల నీడన కాఫీ పెరుగుతుందని అందరికీ తెలుసు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ నీడచెట్లకే మిరియాల తీగ ప్రాకిస్తారు. అప్పటికప్పుడు దంచిన మిరియం వాసన వేరు. దంచి డబ్బాలో దాచిన దాని వాసన వేరు. ఉప్పు తగ్గిన చారుకు అప్పుడు దంచిన మిరియం, జీలకర్ర, వెల్లుల్లి ఊపిరి పోస్తాయి. కొండకు వెళ్లలేనివారికి విశాఖలోనే గిరిజన సహకార సంస్థ వుంది. 1956లో పుట్టిన ఈ సంస్థ గిరిజనులనుంచి కొన్న సరుకు అమ్ముతుంది.

అరకు నుంచి నేను తెచ్చుకొన్న అసలు నిధి మాత్రం వలిసెలు. కార్తీకమాసంలో ఆ లోయంతా పసుపుదుప్పటి పరిచినట్లు పూసే పూలను ఫొటోలు తీసుకొని వచ్చేస్తాం గాని, ఆ పూలు గింజలవుతాయనీ, ఆ గింజలు తింటారనీ మనలో ఎందరికి తెలుసు? నువ్వుగింజకంటె సన్నగా, నల్లగా వుంటాయి. సన్నని సెగమీద చిటపటలాడేదాకా వేయించి, చల్లార్చి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, చింతపండు రెబ్బతో దంచాలి. ఉప్పు వేయనక్కరలేదు. వేడి అన్నంలో ఆ పొడీ, ఒక చుక్క నూనే! పొగచూరిన కమ్మదనం అంటే ఏమిటో తెలుస్తుంది. నూనెగింజ గనుక ఎక్కువ కాలం నిలవ వుండదు. వారానికి సరిపడా మాత్రమే దంచుకోవాలి. వలిసెలు దొరకనివారు నువ్వులతో, అవిసెగింజలతో ఇలాగే చేసుకోవచ్చు.

ఇంతవరకు శాకం సంగతి. నాన్నగారి ప్రాణమంతా ఎండు నెత్తళ్ల మీద. రేవు మనిషి గదా! ఎండుచేప అంటే సగం ఉప్పే. వేన్నీళ్లలో నానబెట్టి రెండుసార్లు నీళ్లు మారిస్తే కొంత పోతుంది గాని పూర్తిగా పోదు. చేపల రేవులో బుట్ట ముందు కూర్చున్న ఒకామెతో ఈ గోడు వెళ్లబోసుకొన్నాను.

"పచ్చివి తీసుకెళ్లండి బాబూ. సముద్రంలోంచి ఇప్పుడే వచ్చినదానికి ఉప్పుతో పనేటి?" అంది.

నిజమే. చేప ఎంత తాజాగా వుంటే అంత తక్కువ ఉప్పు చాలు. కన్ను మెరుస్తూ వుండాలి. మొప్పలు ఎర్రగా వుండాలి. వ్రేలితో నొక్కితే గుంటపడక తిరిగి లేవాలి. పచ్చి నెత్తళ్లకు పసుపు, దంచిన మిరియాలు, వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి పావుగంట వుంచి, పుల్లమామిడి ముక్కలతో పులుసు పెట్టాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గ్రుడ్లు పెట్టే కాలమది. ఆ రెండు నెలలూ చేప ప్రియం. అప్పుడు మా యింట్లో ఆ పులుసే వంకాయతో పెట్టాం. వంకాయను ముందు నిప్పుల మీద కాల్చి వేస్తే, ఆ పొగవాసన చేప లేని లోటు కొంత తీర్చింది.

ఇంత చేస్తూంటే నాన్నగారు అన్నం తింటున్నారు. కాని పాదాల వాపు మళ్లీ కొంచెం కనిపించింది. ఎందుకో తెలియలేదు. నా లెక్కలో ఉప్పు చెమ్చా దాటలేదు. మజ్జిగలో వేయడం లేదు. అప్పడాలలో ఉప్పే కాక సోడా కూడా చేరుతుందని వాటినీ మానిపించాను. ఎవరో పొటాషియం ఉప్పు వాడమన్నారు. డాక్టరుగారిని అడిగితే, "వద్దు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లకూ, గుండెకు కొన్ని రకాల మందులు వాడేవాళ్లకూ అది ప్రమాదం. మమ్మల్ని అడక్కుండా ముట్టుకోకండి" అన్నారు. పాఠకులు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఆ రోజులలోనే ఉక్కునగరంలో వున్న నా బాల్యస్నేహితుడు భోజనానికి పిలిచాడు. ఆ ఉక్కు ఫ్యాక్టరీ మాటలతో వచ్చింది కాదు. 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా అట్టుడికింది, ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో జాతికి అంకితం చేశారు. చుట్టుప్రక్కల పల్లెలు పొలాలు వదులుకొన్నాయి. దేశం నలుమూలలనుంచి ఉద్యోగులు వచ్చారు. అందుచేత ఉక్కునగరంలో ఒక్కొక్క వీధి ఒక్కొక్క వంటల పుస్తకం. మా స్నేహితుడి భార్య, ప్రక్కింటి ఒరియా ఆవిడ దగ్గర నేర్చుకొన్నానంటూ గుమ్మడికాయ కూర వడ్డించింది. నూనె కాగాక జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర అయిదూ కలిపి వేయడమే కిటుకు. అయిదు గింజలు, అయిదు వాసనలు. నేను చీటీమీద రాసుకొన్నాను.

అయితే నా కంచంలో కూరకూ, మా స్నేహితుడి కంచంలో కూరకూ తేడా వుంది. ఆయనకు ఆమె పైన మరికాస్త ఉప్పు చల్లింది. నేను చూడడం చూసి నవ్వి, "ఈయన కొలిమి దగ్గర పనిచేస్తారు గదండీ అన్నయ్యగారూ. ఒంట్లో ఉప్పంతా చెమటలో పోతుంది. అందుకని ఒక పాలు ఎక్కువే వేస్తాను. రిటైరయిన రోజునుంచీ ఈయన నాలుకా, నా చెయ్యీ రెండూ మార్చుకోవాలి" అంది.

ఆ మాట బస్సులో వస్తున్నంతసేపూ నా చెవిలో వుంది.

ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది. నాన్నగారి గదిలో లైటు వెలుగుతోంది. తలుపు త్రోసి చూస్తే ఆయన మంచంమీద కూర్చొని, ఒళ్లో చిన్న జాడీ పెట్టుకొని, వ్రేలితో ఆవకాయ నాకుతున్నారు. అమ్మ పటం వెనుక దాచారట! డెబ్బయి ఎనిమిదేళ్ల మనిషి పసివాడిలా నావంక చూశారు. నాకు ముందు కోపం వచ్చింది. ఇంతమంది కష్టం ఈ జాడీలో పోసేశారే అనిపించింది. నోరు తెరవబోయేంతలో ఆయనే అన్నారు.

"మీ అమ్మ క్యారేజీలో వేసేదిరా. అన్నంమీద ఒక బద్ద, దాని పైన మళ్లీ చిటికెడు ఉప్పు. ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి ఉప్పు చాలకపోతే కళ్లు తిరుగుతాయనేది. నువ్వు పెట్టే అన్నం బాగానే వుంటోంది. కాని ఎవరూ నా సంగతి చూడనట్లు వుంటోందిరా."

నేను మంచం కోడుమీద కూర్చున్నాను. తెల్లని గీతలు కట్టిన ఆ పాత చొక్కా గుర్తుకొచ్చింది. అమ్మ ఉప్పు వేసింది నాన్నగారి నాలుకకు కాదు, చెమటకు. ఆ చెమట ఆగి ఇరవై ఏళ్లయింది. ఆ కొలత మాత్రం ఆగలేదు. మేమూ అదే చేతివాటంతో వండుకొంటూ వచ్చాం.

"అమ్మ ఇప్పుడుంటే ఏం చేసేది నాన్నగారూ? మీ పాదాలు చూసి కూడా ఆవకాయ వేసేదా?" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత జాడీ మూత పెట్టి నా చేతికిచ్చారు.

మర్నాటినుంచి మా యింట్లో పద్ధతి మారింది. నలుగురికీ ఒకటే వంట, ఉప్పు దాదాపు లేనట్టే. పైన చల్లుకోవడం ఎవరిష్టం వారిది. నాన్నగారికి మాత్రం డాక్టరుగారినడిగి, రోజుకు ఎంత చల్లుకోవచ్చో అంత ఉప్పు ప్రొద్దున్నే కొలిచి, అమ్మ కుంకుమభరిణెలో పోసి ఆయన చేతికిస్తాం. ఎందులో వేసుకొంటారో, ఏ పూట వేసుకొంటారో ఆయన ఇష్టం. అయిపోతే మళ్లీ మర్నాడే. మొదటివారం మధ్యాహ్నానికే భరిణె ఖాళీ అయ్యేది. నెల తిరిగేసరికి రాత్రికి కొంత మిగలడం మొదలైంది. నాలుకకు కొన్ని వారాల గడువిస్తే తక్కువ ఉప్పుకు అలవాటు పడుతుందని డాక్టరుగారు చెప్పింది నిజమే. ఇంట్లో పెద్దవాళ్లకు పథ్యం పెట్టేవారికి నా అనుభవంలో ఇంతకంటె మంచి సలహా లేదు. ఉప్పు తీసుకోండి గాని, పెత్తనం తీసుకోకండి.

ఇప్పుడాయన వంటింట్లో కుర్చీ వేసుకొని కూర్చుంటారు. ముప్పయ్యయిదేళ్లు రేవులో గడిపి, అటు తొంగిచూడని మనిషి చింతచిగురు ఏరుతున్నారు. ఆవ నూరగానే వాసన చూసి, "ఇంకా లేవలేదురా, ఆగు" అంటారు. పాదాలు తేలికపడ్డాయి. పోయిన నాలుగు కిలోలలో రెండు తిరిగి వచ్చాయి. ఈ రెండూ నీరు కాదు, అన్నమే.

మొన్న శ్రావణమాసంలో గాజువాకలో బంధువుల యింట పెళ్లి. పంక్తిలో నాన్నగారి ప్రక్కనే కూర్చున్నాను. ఏం తింటారో, ఎంత తింటారో అని నా కన్నంతా ఆయన విస్తరిమీదే వుంది. పప్పు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకొని మొహం చిట్లించారు. నా గుండె ఝల్లుమంది.

"ఏమైంది నాన్నగారూ?"

ఆయన మంచినీళ్లు త్రాగి, నా చెవి దగ్గరకు వంగి, వడ్డించేవాళ్లకు వినబడకుండా అన్నారు.

"ఉప్పెక్కువైందిరా. పాపం, ఓడ కెక్కించే కూలీల కనుకొని వండినట్టున్నాడు."